సుత్తి పడని బేరింగు

2023 జూలై ఆఖరి వారం వాన వరంగల్ వాళ్లెవరూ మరిచిపోరు. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి మా గల్లీలోకి వచ్చింది. కారు చక్రాలు రాత్రంతా ఆ మురుగులో నానాయి. ఇంజనుకేమీ కాలేదని సంబరపడ్డాం.

కొన్నాళ్లకు ముందువైపు కుడి చక్రంలో మోత మొదలైంది. కాజీపేట దాటి వేగం పెంచితే పక్కవాళ్ల మాట వినపడదు. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడి మోత ఇంకా పెరిగేది. ఒక షెడ్డులో బేరింగు మార్పించాను. తీసిన దాంట్లో గ్రీజు నీళ్లు కలిసి పాలటీ రంగుకు తిరిగింది. కొత్తదాన్ని సుత్తితో దబదబా బాది ఎక్కించారు. చలికాలం పోకముందే మళ్లీ అదే మోత. మళ్లీ డబ్బులడిగేసరికి ఒళ్లు మండి, పని ఇంట్లోనే పెట్టుకున్నాను.

యాక్సిల్ నట్టు చుక్కలు చూపించింది. తమ్ముడు బ్రేకు తొక్కి పట్టుకుంటే, పానాకు ఇనుప పైపు తొడిగి దాని మీద ఎక్కి నిలబడితే గానీ కదల్లేదు. బేరింగు కూర్చునే నకిల్ విప్పి, చక్రం బిగించే హబ్‌ను బయటికి తీస్తే, బేరింగు లోపలి రేస్ (రింగు) దానికే అతుక్కుపోయి వచ్చింది. హబ్‌కు గాటు పడకుండా రేస్‌ను గ్రైండర్‌తో సన్నగా కోసి, ఉలి ఆనించి కొడితే టక్కున పగిలింది. అప్పటికి వేళ్ల చర్మం లేచిపోయింది. రేస్‌లో బాల్స్ కూర్చునే చోట వరసగా చిన్న చిన్న గుంతలు. షెడ్డులో కొట్టిన దెబ్బలన్నీ అక్కడే ఉన్నాయి.

ఆటోనగర్ లేత్ షాపాయన బయటి రేస్ కొలతకు ఇనుప రింగు చేసిచ్చాడు. "సుత్తె ముట్టకు అన్నా, నట్టు తిప్పుకుంట నిమ్మళంగ గుంజు" అన్నాడు. పొడుగు బోల్టు, రెండు మందపు ప్లేట్లు, ఆ రింగు: ఇదే నా ప్రెస్. నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రేస్ మీదే పడాలి. బేరింగులోకి హబ్ దించేటప్పుడు లోపలి రేస్‌కు ఆనిక ఉండాలి. తారుమారైతే బలమంతా బాల్స్ మీదుగా పోతుంది, కొత్త బేరింగు బండి కదలకముందే చెడుతుంది. బేరింగును పట్టి ఉంచే సర్‌క్లిప్ గాడిలో పడ్డాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు మోత లేదు. మీరు షెడ్డుకిస్తే మాత్రం బేరింగు ప్రెస్‌తో ఎక్కిస్తారా, సుత్తితోనా అని ముందే అడగండి. సుత్తి అంటే బండి వెనక్కి తిప్పుకోండి.