వంటింటి అంగుళిత్రాణం

అల్లెత్రాటి ఒరిపిడికి వ్రేళ్లు తెగకుండా విలుకాండ్రు అంగుళిత్రాణాలు ధరించేవారని ఇతిహాసాలు చదివిన మిత్రులందరికీ తెలిసినదే. నిత్యమూ నిప్పుతో మెలగే ఇల్లాలికి మాత్రం మసిగుడ్డ ఒక్కటే కవచం!

మా శ్రీమతికి కీళ్లవాతం. మాధవనిదానం ప్రత్యేకాధ్యాయంలో వర్ణించిన ఆమవాతం ఇంచుమించు ఇదే. ఉదయం వేళ కణుపులు వాచి, పిడికిలి ముడుచుకోదు. అయినా గంజి వంపే పని నాకు అప్పగించదు. "నా వంటింట్ల నేనే సుట్టమోలె కూసోవాల్నా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు దొరకక, మా లాల్‌గడి మలక్‌పేట్ నుండి శామీర్‌పేట, మేడ్చల్ దాకా చేతితొడుగుల కోసం తిరిగాను.

దూది కుక్కిన దళసరి తొడుగే శ్రేష్ఠమని అంగడివారి మాట. చిక్కంతా అక్కడే ఉన్నది. తొడుగు మందమైనకొద్దీ పట్టుకు మరింత బలం కావాలి. ఈ వ్యాధి హరించేది ఆ బలాన్నే కదా! పైగా అవి పిడి ఉన్న పాత్రలకు తగినవి. మన గిన్నెకు పిడి ఎక్కడిది? సన్నని అంచును బొటనవ్రేలితో నొక్కిపట్టవలసినదే. వాచిన కణుపుకు అంతకు మించిన శిక్ష లేదు.

జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేసే మా వీధి కుర్రవాడు పలుచని నైట్రైల్ తొడుగులు తెచ్చి ఇచ్చాడు. అవి వేడిని ఆపవు. పచ్చిమిరపకాయలు తరగడానికి మాత్రం దివ్యంగా ఉన్నవి.

చివరకు కుదిరినవి, బొటనవ్రేలు విడిగా, తక్కిన నాలుగూ ఒకే సంచిలో ఇమిడేవి. మణికట్టు దగ్గర వెడల్పు కనుక లాగి తొడగనక్కరలేదు. లోపల నూలుబట్ట, అరచేతివైపు జారకుండా సిలికాన్ గీతలు. కొలత వాపు ఎక్కువగా ఉండే ఉదయాన్నే తీసుకోవాలి. ఐరోపావారి ఈఎన్ 407 ముద్ర ఉంటే, దాని క్రింది అంకెలలో రెండవదాన్ని చూడండి: అది 1 అయితే 100 డిగ్రీల వేడి వస్తువును, 2 అయితే 250 డిగ్రీల వస్తువును కనీసం 15 సెకన్లు పట్టుకోవచ్చునని లెక్క.

తొడుగుతోపాటు గిన్నెనూ మార్చాము. రెండు చెవులున్నది కొన్నాము. బరువు వ్రేళ్లకొనల మీద కాక రెండు అరచేతుల మీద పడుతున్నది. తడిసిన తొడుగు గుండా వేడి ఇట్టే దిగుతుంది, ఆవిరికి తడవక తప్పదు. అందుకని రెండు జతలు. ఒకటి ఎప్పుడూ దండెం మీదనే.

గంజి ఇప్పటికీ ఆమే వంపుతున్నది. నేను పక్కన నిలబడడం ఆమెకు ఇష్టం లేదు. నిలబడుతూనే ఉన్నాను.