ఔరా అనాలా, భళా అనాలా?

వడ్లు, బియ్యం, అన్నం - ఈ మూడింటినీ 'రైస్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాడు ఇంగ్లీషువాడు. ('పాడీ' ఉందిగా అంటారేమో, అది మలయావాళ్ళ దగ్గర తెచ్చుకున్న అరువుసొమ్ము.) అటువంటివాడు నోరు వెళ్ళబెట్టడానికి మాత్రం డజను మాటలు పోగేసుకున్నాడు. సర్‌ప్రైజింగ్, అమేజింగ్, అస్టానిషింగ్, వండర్‌ఫుల్, మార్వెలస్, రిమార్కబుల్... నిఘంటువు తిరగేస్తే వీటిలో సగానికి ఎదురుగా 'ఆశ్చర్యకరమైన' అనే ఉంటుంది. ఎక్కడ ఏది వాడాలో మన తిప్పలు మనం పడాలి.

ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో డ్రాఫ్టులు రాసి రిటైరయిన పాపానికి, మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం అవసరమైనా మా అరుగే గతి. ఈ రోజుల్లో సెల్‌ఫోనే ఉత్తరాలు రాసిపెడుతోందిట. అయినా "మీరోసారి చూడండి" అంటూ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆ విధంగా ఈ మాటలతో నాకు పాత పరిచయం.

వాటి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే భలే సరదాగా ఉంటుంది. సర్‌ప్రైజ్ అంటే అసలు అర్థం, మీదపడి పట్టుకోవడం. పాత ఫ్రెంచి మాట. అస్టానిష్‌లో లాటిన్‌వాళ్ళ ఉరుము దాక్కుని ఉంది, అంటే నెత్తిన పిడుగు పడ్డట్టవడం. అమేజ్‌కి చుట్టం మేజ్. దారీ తెన్నూ తెలియని చిక్కుదారి అది, పద్మవ్యూహంలో అభిమన్యుడి అవస్థ. టెర్రిఫిక్ అయితే సాక్షాత్తూ టెర్రర్‌కి తోబుట్టువు. ఒకప్పుడు వింటే ఒళ్ళు జలదరించవలసిన ఆ మాటను ఇవాళ మా మనవడు ఐస్‌క్రీముకు వాడుతున్నాడు. వాణ్ణి అనేందుకు మనకు నోరేదీ? పాట బాగా పాడినవాణ్ణి "చంపేశాడు" అనడం లేదూ మనం!

ఇంగ్లీషువాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. నిఘంటువు రాసిన ఒక మహాపండితుడు పనిమనిషితో సరసమాడుతూ ఇల్లాలి కంట పడ్డాడట. "ఐ యాం సర్‌ప్రైజ్డ్!" అందిట ఆవిడ. "పొరపాటు పడుతున్నావు. సర్‌ప్రైజ్ అయినవాణ్ణి నేను. నువ్వు అస్టానిష్ అయ్యావు" అన్నాడట ఆయన. పట్టుబడింది తనేగా మరి! దీన్ని కొందరు జాన్సన్‌కు, కొందరు వెబ్‌స్టర్‌కు అంటగడతారు. ఇద్దరూ చేసి ఉండరు, పాపం. మాటల తేడా మాత్రం అందులో కచ్చితంగా ఉంది.

మనకూ ఈ తేడా లేకపోలేదు. ఒక్క దీర్ఘంలో ఉంది. "మీ అబ్బాయి పాసయ్యాడటగా" అన్నవాడికి కాఫీ ఇస్తాం. "మీ అబ్బాయి పాసయ్యాడే!" అన్నవాడికీ ఇస్తాం గాని, ఆ కాఫీలో పంచదార తగ్గుతుంది. కొత్తకోడలితో "కాఫీ బాగుందమ్మా" అనడం వేరు, "అరె, నీకు కాఫీ పెట్టడం వచ్చే!" అనడం వేరు. మొదటిది ఆ పిల్లను గురించి చెబుతుంది. రెండోది, ఆ పిల్లను గురించి మనం లోపల ఏమనుకుంటున్నామో బయటపెడుతుంది.

మొన్న ఈ ముడే పడింది. మా వీధి చివర ఇస్త్రీబండి అతని కూతురు లెక్కల్లో కాలేజీకంతటికీ మొదటిదిగా వచ్చింది. పైచదువుకు స్కాలర్‌షిప్పు కావాలి. దరఖాస్తుకు సోమవారం ఆఖరు. కాలేజీలో ఒక లెక్చరరు సిఫార్సు ఉత్తరం రాసిచ్చాడు. అది పట్టుకుని మా అరుగెక్కింది.

"తాతగారూ, అస్టానిషింగ్ అంటే మెచ్చుకోవడమేనాండీ?"

"మెచ్చుకోవడమేనమ్మా. ఏం?"

"మెచ్చుకున్నట్టే ఉందండీ. చదువుతుంటే మాత్రం ఎందుకో తల వంచుకోవాలనిపిస్తోంది."

చూశాను. ఇటువంటి కుటుంబంలో పుట్టిన పిల్లకు ఇన్ని మార్కులు రావడం అస్టానిషింగ్ అని ఉంది. రాసినాయన మంచివాడే. దీర్ఘం తీసిన సంగతి ఆయనకు తెలియదు, అంతే. ఉరుము కథ, మెరుపు కథ అన్నీ ఆ పిల్లకు చెప్పాను. అంతా విని, "మా నాన్నకి ఆశ్చర్యం వెయ్యలేదండీ. మార్కులు చెబితే, వస్తాయని నాకు తెలుసే అన్నాడు. తెల్లవారుజామున బొగ్గులు రాజేస్తూ నన్ను లేపింది ఆయనే కదండీ!" అంది.

మరి ఏ మాట పెట్టాలి? అమేజింగ్ సబ్బుబిళ్ళ ప్రకటనల్లో నలిగిపోయింది. వండర్‌ఫుల్ విందుభోజనానికి బాగుంటుంది గాని దరఖాస్తులో తేలిపోతుంది. మార్వెలస్ నావంటి ముసలివాళ్ళ మాట. అడ్మైర్ కూడా దాని తోబుట్టువే. పూర్వం అందులోనూ ఆశ్చర్యం ఉండేది, వాడగా వాడగా మెప్పు ఒక్కటే మిగిలింది. కాని ఎడ్మిరబుల్ అంటే పెద్దాయన భుజం తట్టినట్టుంటుంది. నా మనసులో ఉన్నది మన 'శభాష్'. అది పారశీకం నుంచి వచ్చిన మాట, 'సంతోషంగా ఉండు' అని అర్థం. ఎంత చక్కని దీవెన! దానికి సరైన ఇంగ్లీషు నాకు దొరకలేదు. చివరికి రిమార్కబుల్ దగ్గర ఆగాం. ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది అనే గాని, నీవల్ల అవుతుందనుకోలేదు అన్న ధ్వని అంతగా లేదు అందులో. 'ఇటువంటి కుటుంబం' కొట్టేసి, 'తండ్రికి పనిలో సాయపడుతూనే' అని వేశాం. అది జరిగిన సంగతి, అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

"సారుకి కోపం వస్తే ఉన్న ఉత్తరం కూడా పోతుందేమోనండీ" అని నసిగింది పిల్ల.

మా ఆవిడ లోపలినుంచే, "అడిగితే కోప్పడేవాడి ఉత్తరం ఉంటేనేం, ఊడితేనేం? వెళ్ళి అడుగు" అంది. ఆవిడకేం, చెబుతుంది. అవతల పిల్ల చదువు దాని మీద ఉంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు వెళ్ళి అడిగిందట. ఆయన కాగితం చాలాసేపు చూసి, "నేను మెచ్చుకుంటూనే రాశానమ్మా" అన్నాడట.

"తెలుసు సార్" అందిట.

ఇంకో మాట మాట్లాడకుండా మార్చి, సంతకం చేసి ఇచ్చాడట. ఇస్తూ, "ఈ తేడా నీకెవరు చెప్పారు?" అని అడిగితే, "మా నాన్నండీ" అందిట. ఇంత పాండిత్యం వెలగబెట్టిన నన్ను వదిలేసి! అయినా ఆలోచిస్తే ఆ పిల్ల చెప్పిందే నిజం.

సోమవారం దరఖాస్తు వెళ్ళింది. జవాబు ఇంకా రావాలి.