25.7 ఒక్కటే సరిగ్గా వచ్చింది

మేము బాగ్ లింగంపల్లి హాస్టల్‌లో ఒకే రూములో ఉండే ముగ్గురం. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చింది మేమే మొదలు. ప్రాజెక్టు రివ్యూకి ముందు రాత్రి జరిగింది రాస్తున్నం. సెన్సర్ ప్రాజెక్టు పెట్టుకున్నోళ్లకు పనికొస్తది.

డీహెచ్‌టీ22 సెన్సర్ గది వేడి కొలుస్తది. దాన్ని ఆర్డ్యునో ఊనోకి కలిపి, రేడియో మీద అవతలున్న ఈఎస్‌పీ32కి పంపినం. సాయంత్రం తెర మీద 25.7 వచ్చింది. ఎగిరి గంతేసినం. సెన్సర్ మీద కొంచెం ఊదితే 51.3! ఫ్యాన్ వేస్తే 0.1! చెక్‌సమ్ మాత్రం ప్రతిసారీ సరిపోతాంది. "సెన్సర్ కాలింది, కొత్తది కొనండి" అన్నరు చూసినవాళ్లు. మెస్ బిల్లుకు దాచిన పైసలు బయటికి తీసినం. ఇంట్ల అడిగే ముఖం లేదు. "ఇది మనకు రాదేమోరా" అన్న మాట కూడా ఆ రాత్రే వచ్చింది.

ఆఖరికి కాయితం మీద లెక్క వేసినం. సెన్సర్ వేడిని పదింతలు చేసి రెండు బైట్లల్ల ఇస్తది. 25.8 అంటే 258, అంటే ఒక 256, పైన 2. సెన్సర్ పెద్ద బైట్ (1) ముందు ఇస్తది, తర్వాత చిన్నది (2). మేము వాటిని అట్లనే పంపి, అవతల నేరుగా 16 బిట్ల అంకెలోకి కాపీ చేసినం. ఈఎస్‌పీ32 ముందొచ్చిన బైట్‌నే చిన్నది అనుకుంటది. అట్ల 258 కాస్తా 513 అయింది, 256 ఏమో 1 అయింది. 257లో రెండు బైట్లూ 1, 1. ఎటు తిప్పినా అదే! చెక్‌సమ్ అంటే బైట్ల కూడికే కదా, వరుస మారితే దానికేం తెలుస్తది?

చిక్కడపల్లి చాయ్ దుకాణంల మాకు ఇదే తంటా. మనం "ముప్పై అయిదు" అంటం, పది ముందు. హిందీల "పైంతీస్", అయిదు ముందు. మొదటి ఏడు అది విని 53 ఇచ్చినోడు మాలోనే ఉన్నడు.

ఈ పంచాయితీకి "ఎండియన్" పేరు 1980ల డానీ కోహెన్ పెట్టిండు, గుడ్డును ఏ కొన నుంచి పగలగొట్టాలని కొట్లాడుకునే గలివర్ కథ నుంచి తీసుకొని.

అవతల మొదటి బైట్‌ను 256తో గుణించి రెండోది కలిపినం. ఒక్క లైను! ఇంకోటి, ఊనోలో ఇంట్ 2 బైట్లు, ఈఎస్‌పీ32లో 4. రేడియో దాటే అంకెకు ఉత్త ఇంట్ పెట్టకుండ్రి, యుఇంట్16 లెక్క సైజు తెలిసిన రకమే పెట్టుండ్రి.

పైసలు మళ్లా డబ్బాల పెట్టినం. మీది కూడా ఇట్లనే చేస్తే, సెన్సర్ పక్కన పెట్టి 1, 2 అని రెండు బైట్లు పంపి చూడుండ్రి. 258 రావాలె. 513 వస్తే సెన్సర్ మంచిదే, కొనకుండ్రి.