చూడ్డానికొచ్చినోళ్లం

ఫ్రాన్స్ పోయొచ్చామని తెలియగానే అందరూ ఒక్కటే అడిగారు. ఐఫిల్ టవర్ ముందు ఫొటో దిగారా? దిగాం. దిగకుండా ఎట్లా వస్తాం? ట్రొకాదెరో అనే ఎత్తయిన గచ్చు మీద మేమిద్దరం నిలబడి ఉన్నాం. వెనక టవర్ ఉంది. మా ఆవిడ నెత్తిమీది కొంగు గాలికి ఎగురుతోంది. ఫొటో బాగానే వచ్చింది. అందులో పడనిదల్లా ఆ గచ్చుకు అటూ ఇటూ రెక్కలు చాచుకుని ఉన్న పెద్ద భవనం.

దాని పేరు షయో ప్యాలెస్. 1937 ఎగ్జిబిషన్ కోసం కట్టింది. 1948లో ఐక్యరాజ్యసమితికి న్యూయార్కులో ఇంకా సొంత ఇల్లు లేదు. ఆ ఏడు సమావేశాలు ఇక్కడ పెట్టుకున్నారు. భద్రతామండలి ఇక్కడే కూర్చుని సెప్టెంబర్ 16న హైదరాబాద్ ఫిర్యాదు విన్నది. అప్పటికి మూడు రోజుల కిందటే సైన్యం మా గడ్డమీదికి వచ్చేసింది. మర్నాడు, 17న, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. పెద్దమనుషులు ఇక్కడ కాగితాలు తిరగేస్తుండగానే అక్కడ కథ ముగిసింది. ముగిసింది రాజుకి. మా తాతలకు అప్పుడే మొదలైంది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల పాటు అచ్చు వెయ్యలేదు.

రజాకార్లు చేసిన దాన్ని మేం కడిగెయ్యబోవడం లేదు. వాళ్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలు పోగొట్టుకున్న పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముసల్మానే. ఈ రెండు సంగతులూ ఒకే ఊపిరిలో చెప్పనిస్తే కదా! ఒకటి చెప్తే బయటోళ్లు రజాకార్ అంటారు. రెండోది చెప్తే ఇంట్లోవాళ్లు మొహం తిప్పుకుంటారు.

ఆ గచ్చుకు ఇప్పుడు మానవ హక్కుల ముంగిలి అని పేరు. అదే ఏడు డిసెంబర్ 10న మానవ హక్కుల ప్రకటనకు ఆమోదం దొరికింది ఇక్కడే మరి. మేం వెళ్లిన రోజున ఆ ముంగిట్లో ఆఫ్రికా కుర్రాళ్లు దుప్పట్లు పరిచి చిన్న చిన్న ఇనుప టవర్లు అమ్ముతున్నారు. దుప్పటి నాలుగు మూలలకీ తాళ్లు కట్టి పెట్టుకున్నారు. పోలీసు కనపడగానే ఒక్క గుంజు. సరుకంతా మూటయింది. మూటతో పాటు మనిషి మాయం. మదీనా సెంటర్ దగ్గర తోపుడు బండ్లు సందుల్లోకి ఉరికే తీరు గుర్తొచ్చింది. పోలీసు పోయాక వాళ్లలో ఒకడు తిరిగొచ్చి మా ఆవిడ కొంగు చూసి సలాం చెప్పాడు. బేరం ఆడబోయిన మాకు నోరు రాలేదు. అడిగినంత ఇచ్చేశాం.

ఆ కొంగు కథ వేరే ఉంది. బయల్దేరే ముందు ఇంటికి సలహాలు వరద కట్టాయి. 2004లో అక్కడ సర్కారు బడుల్లో ఆడపిల్లల స్కార్ఫులు తీసేయించారు. 2010లో బహిరంగ స్థలాల్లో మొహం కప్పుకోవడం మీద చట్టం తెచ్చారు. అందుకని ఒకరు, బుర్ఖా ఇక్కడే వదిలి పొమ్మన్నారు. ఇంకొకరు, దేశం కాని దేశం పోయి మోడ్రన్ అయి రావొద్దన్నారు. సలహా చెప్పిన వాళ్లంతా మగవాళ్లే. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా నాలుగు నేత చీరలు పెట్టెలో సర్దుకుంది.

పారిస్‌లో మేం పట్టుబట్టి చూసింది ఒక సందు. లక్సెంబర్గ్ తోట దగ్గర సెనేట్ భవనం ఉంది కదా, దాని ముంగిట్లోకి వచ్చి ఆగే తుర్నో వీధి. అందులో 4వ నంబరు ఇల్లు. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఏళ్ల తరబడి అక్కడున్నారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఉర్దూ మీడియం ఉస్మానియాలో చదివి, 1935లో సొర్బాన్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి 1959లో అచ్చు వేయించారు. 1948 సెప్టెంబర్ నాటికి ఆయన హైదరాబాద్ పక్షాన ఇక్కడున్నారు. తర్వాత వెనక్కి పోలేదు. ఇండియా పౌరసత్వం అడగలేదు, పాకిస్తాన్‌దీ అడగలేదు, ఫ్రెంచిదీ అడగలేదు. ప్రతి మనిషికీ ఒక జాతీయత ఉండాలని ప్రకటన 15వ అధికరణం చెప్తుంది. ఆ ప్రకటన పుట్టిన నగరంలోనే ఆయన ఏ దేశమూ లేని మనిషిగా అర్ధ శతాబ్దం గడిపారు. చివరికి అమెరికాలో బంధువుల దగ్గరికి వెళ్లి, 2002లో అక్కడే కన్నుమూశారు.

ఆయన రాజకీయం మాది కాదు. లేని రాజ్యానికి అంత కట్టుబడి ఉండటం మాకు అర్థం కాదు కూడా. మేం ఓటరు కార్డు చేత్తో పట్టుకుని పెరిగినవాళ్లం. అయినా ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాం. కాగితాలు చూపించు, చూపించు అని మమ్మల్ని అడుగుతూ ఉంటారు. కాగితాలే వద్దన్న మనిషి ఒకడు మన ఊరి నుంచి వచ్చి ఈ మెట్లు ఎక్కి దిగాడు. అదొక వింత. తలుపుకు అంకెల తాళం ఉంది. పక్కన పుస్తకాల షాపు అద్దంలో మా మొహాలు చూసుకుని వచ్చేశాం.

అక్కడి నుంచి నడక దూరమే పెద్ద మసీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ పక్షాన చచ్చిపోయిన ముస్లిం సైనికుల పేరు చెప్పి కట్టి, 1926లో తెరిచారు. 33 మీటర్ల మీనారు, పచ్చ పెంకులు, నీళ్ల తొట్లు, మొరాకో పనితనం. గుమ్మం దగ్గర కుర్రాడు అడిగాడు: చూడ్డానికా, నమాజుకా? చూడ్డానికైతే టికెట్. నమాజుకైతే లేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నమాజుకే అంది మా ఆవిడ. అసర్ చదువుకున్నాం. కానీ తోట చూడకుండా పోవడమెట్లా? నమాజు పేరు చెప్పి తోట చూస్తే దొంగతనం కాదూ? బయటికొచ్చి టికెట్లు కొనుక్కుని మళ్లీ లోపలికెళ్లాం. ఆ కుర్రాడికి మా సంగతి అర్థమైనట్టు లేదు.

మావాడు తులూజ్‌లో చదువుతున్నాడు. వాడు పిలవబట్టే ఈ ప్రయాణం. ఆ పక్కనే గాస్కనీ ప్రాంతం. మన మలక్‌పేట గుట్టమీద సమాధిలో పడుకున్న రేమండ్ దొర పుట్టింది అక్కడే. నిజాం కొలువులో సేనాపతి, 1798లో చనిపోయాడు. మన ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారని చెప్తారు. మూసారాంబాగ్ ఆ పేరే. ఫ్రెంచి క్రైస్తవుడికి మన ఊరు రెండు పేర్లు పెట్టుకుంది! ఈ సంగతి చెప్తే మావాడి ఫ్రెంచి స్నేహితులు నమ్మలేదు.

తులూజ్ నుంచి రైలెక్కితే గంటలోపే కార్కసోన్. గుట్టమీద కోట, రెండు వరసల గోడలు, యాభై రెండు బురుజులు. నర్బోన్ దర్వాజా దగ్గర దామ్ కార్కాస్ అనే ఆమె రాతి విగ్రహం ఉంది. ఆమె సారసెన్ రాణి అట. సారసెన్ అంటే మేమే. వెనకటికి యూరపోళ్లు తురకోళ్లకు పెట్టిన పేరు. కథేమిటంటే షార్లమేన్ చక్రవర్తి ఐదేళ్లు కోటను ముట్టడించాడు. లోపల తిండి అయిపోయింది. అప్పుడీ రాణి మిగిలిన గోధుమలన్నీ ఒక పందికి తినిపించి గోడమీది నుంచి కిందికి విసిరేయించింది. పందులకే గోధుమలు పెడుతున్నారంటే ఇంకెన్నాళ్లకు లొంగుతారని చక్రవర్తి డేరాలెత్తేశాడు. ఆమె గంటలు మోగించి సంధికి పిలిచింది. కార్కాస్ మోగించింది కనుక ఊరికి ఆ పేరట.

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. “ముసల్మానోఁ కే ఖిల్లే మే సువ్వర్ కాసే ఆయా జీ?” తురకల కోటలోకి పంది ఎట్లా వచ్చిందని ఆమె ప్రశ్న. సరైన ప్రశ్న. ఆ కథ అల్లినవాడు ఏ తురకోణ్ణీ దగ్గరగా చూసి ఉండడు. ముస్లింలు ఈ కోటను కొన్ని దశాబ్దాలు ఏలిన మాట నిజం. పక్కనున్న నర్బోన్ 759లో షార్లమేన్ తండ్రి చేతికి పోయింది. అప్పటికి షార్లమేన్ ఇంకా కుర్రాడు. ముట్టడీ లేదు, రాణీ లేదు. అయినా విగ్రహం ఉంది. కోటలోపల దుకాణాల్లో ఆమె బొమ్మలున్నాయి, పంది బొమ్మలూ ఉన్నాయి. లేని తురకరాణిని గుమ్మంలో నిలబెట్టుకున్నారు. ఉన్న తురకపిల్లని స్కార్ఫుతో బడి గుమ్మం దాటనివ్వరు. ఈ మాట మావాడితో అంటే, ప్రతిదాన్నీ అక్కడికే తెస్తారెందుకు అని విసుక్కున్నాడు. వాడి వయసుకు అది న్యాయమే.

ఇంకోటి. మేం నోరు తెరుచుకుని చూసిన ఆ కొన దేరిన టోపీ కప్పులు పాతవి కావు. వియొలె లె ద్యూక్ అనే వాస్తుశిల్పి 1853 నుంచి బాగుచేయించినవి. పలక రాళ్లతో అట్లా కప్పడం ఉత్తరాది పద్ధతి, దక్షిణాదిలో ఎక్కడిదని వాళ్లలో వాళ్లే కొట్లాడుకున్నారు. అంతకు ముందు రెండు గోడల నడుమ ఖాళీలో బీదవాళ్లు గుడిసెలూ ఇళ్లూ వేసుకుని బతికేవాళ్లు. కోటను కోటలా కనపడేట్టు చెయ్యాలని వాటిని కూల్చేశారు. ఇప్పుడక్కడ గడ్డి, దాని మీద మాలాంటి వాళ్లం. ఎంత అందంగా ఉందో! నిజంగానే అందంగా ఉంది. ఆ అందం చూస్తూ మాకు చార్మినార్ చుట్టుపక్కల గాజుల దుకాణాల వాళ్లు గుర్తొచ్చారు. సుందరీకరణ అనే మాట వింటే వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది.

మార్సెయ్ పోతామంటే మావాడి సావాసగాళ్లు వద్దన్నారు. తెలుగు పిల్లలే. అంతా అరబ్బులంకుల్, చీకటి పడ్డాక బయట తిరగొద్దంకుల్. ఈ గొంతు మాకు కొత్త కాదు. పాతబస్తీలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు మాతో పనిచేసేవాళ్లు ఇదే గొంతుతో చెప్పారు.

పాత రేవు పక్కన గుట్టమీద పనియే పేట. మెట్ల సందులు, కిటికీల మధ్య ఆరేసిన బట్టలు, గోడల నిండా బొమ్మలు. పేటలో కొంత భాగమే పాతది. రేవువైపు ఉన్నదాన్ని 1943లో జర్మన్లు డైనమైట్ పెట్టి లేపేశారు. ఫ్రెంచి పోలీసులు ఇళ్లు ఖాళీ చేయించి సాయం పట్టారు. ఇరవై వేల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయారు. నేరస్తుల దిబ్బ, అంటురోగాల దిబ్బ అని ముందు నుంచీ పేరు పెట్టి ఉంచారు కాబట్టి పని సులువైంది. ముందు పేరు, తర్వాత మందుగుండు.

రేవు నుంచి ఐదు నిమిషాలు నడిస్తే నొయాయ్ బజారు. అదేమీ టూరిస్టు పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండదు. పుదీనా కట్టలు, ఊరేసిన నిమ్మకాయలు, బస్తాల్లో మిరపపొడి, పీపాల్లో ఆలివ్‌లు. అక్కడి దోబాన్య్ వీధిలో 2018 నవంబర్ 5న పాత ఇళ్లు కూలి ఎనిమిది మంది చచ్చిపోయారు. పగుళ్లున్నాయని అద్దెకున్నవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. పళ్లలో ఒక పన్ను ఊడినట్టు ఆ వరసలో సందు ఉంది. దగ్గర్లోని చిన్న చౌరస్తాకు ఆ తేదీయే పేరు పెట్టారు. అక్కడ మేం ఫొటో దిగలేదు.

ఖర్జూరాల దుకాణంలో అల్జీరియా పెద్దాయన మమ్మల్ని చూసి అరబ్బీ అందుకున్నాడు. మేం గుటకలు మింగాం. రోజూ ఐదు పూటలు నోట ఉండే భాష. అందులో ధర అడగటం రాదు, దారి అడగటం రాదు. హింద్ అని చెప్పుకున్నాం. అంతే, ఆయన మొహం విప్పారింది. “జానితూ!” అన్నాడు. 1973 నాటి శశికపూర్ సినిమా ‘ఆ గలే లగ్ జా’కు అల్జీరియాలో జనం పెట్టుకున్న పేరు అది, అందులో పాట ముక్క పట్టుకుని. ఆయన రాగం తీస్తుంటే మా ఆవిడ మాటలు అందించింది. ఉమ్మత్ అంటూ మౌల్వీసాబులు చెప్పే బంధమేదో ఉంటుందని వెళ్లాం. అరకిలో ఖర్జూరాలు ఎక్కువ తూగింది మాత్రం శశికపూర్ పుణ్యాన.

తిరుగు విమానం పారిస్ నుంచి. ఆఖరి రోజు సామాన్లు కొందామని గార్ దు నోర్ స్టేషన్ వెనక లాషాపెల్ పోయాం. అంతా తమిళ దుకాణాలు. ఇక్కడ మనింట్లో గుట్టు మాటకు మేం ఉర్దూలోకి దిగుతాం. ఫ్రాన్సులో గుట్టుకు తెలుగు వాడాం. కరివేపాకు ఇంత ధరా అని ఆమె, వారంలో ఇంటికి పోతున్నాం కదా ఎందుకు అని మేం, తెలుగులోనే పోట్లాడుకుంటున్నాం. వెనక నుంచి ఒకాయన “తెలుగోళ్లా?” అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. యానాం వాళ్లట. 1954లో ఫ్రెంచివాళ్లు యానాం వదిలిపోయాక, ఒప్పందం ప్రకారం అక్కడివాళ్లకు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలిచ్చారు. వాళ్ల తాత కోరుకున్నాడు. ఈయన పుట్టింది ఇక్కడే. టీ తాగుదాం రమ్మన్నాడు. మంచి మనిషి.

టీ సగమయ్యాక పేర్లు అడిగాడు. చెప్పాం. ఒక్క క్షణం ఆగాడు.

“సాయిబులా? తెలుగు బాగా మాట్లాడుతున్నారే!”

పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. స్కూల్లో తెలుగు పంతులు అన్నాడు, మొదటి ఉద్యోగంలో సబ్ ఎడిటర్ అన్నాడు, ఇల్లు అద్దెకిచ్చిన అమ్మ అంది. పదిహేను రోజులుగా ఎవరూ అనకపోతే ఏదో మరిచిపోయినట్టుంది. మా ఆవిడ టేబుల్ కింద కాలితో తొక్కింది, ఊరుకోమని. ఊరుకున్నాం.

“హైదరాబాదేనా? చార్మినార్ చూడాలని నాకెప్పట్నుంచో ఉందండీ. అటువైపు తిరగడానికి భయమేం ఉండదు కదా?”

“మా ఇంటికే రండన్నయ్యా, నేను తిప్పి చూపిస్తా” అంది మా ఆవిడ. రంజాన్‌లో వస్తే హలీం తినిపిస్తానంది. ఆయన సంబరపడ్డాడు. అడ్రసు రాసివ్వమన్నాడు. టీ కొట్టు బిల్లు వెనక తెలుగులో రాసి చేతికిచ్చాం. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నవ్వి, తెలుగు చదవడం తనకు రాదన్నాడు. కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంగ్లీషు అక్షరాల్లో మళ్లీ రాసిచ్చాం.