రాత్రిపూట రౌటర్ ఆపాలా, వద్దా?

ఈ వారం ఎస్సే ప్రాక్టీసుకి పెద్ద టాపిక్ ఏదీ తీసుకోలేదు. మా ఇంట్లో రెండేళ్లుగా తేలని ఒక చిన్న తగువును తీసుకున్నాను. పడుకునే ముందు వైఫై రౌటర్ ఆపెయ్యాలా, అలాగే ఉంచాలా? ఇంత చిన్న ప్రశ్నలో ఏముందని అనిపించవచ్చు. కానీ ఎస్సే పేపర్లో చాలామందికి మార్కులు పోయేది ఒక్క అలవాటు వల్లే: అనుకూల వాదనలు నాలుగు, ప్రతికూల వాదనలు నాలుగు వరుసగా రాసేసి, చివర్లో "సమతుల్యత అవసరం" అని ముగించడం. ఏ వాదన బరువెంతో తూచి చెప్పడం అలవాటు కావాలంటే చిన్న ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి.

మేము జగదల్‌పూర్‌లో ఉంటాం. బస్తర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నానమ్మ, బాబాయి వాళ్లు సుక్మా జిల్లా కుంటలో ఉంటారు. 30వ నంబరు జాతీయ రహదారి మీద ఛత్తీస్‌గఢ్ చివర ఉండే ఊరు అది. అది దాటితే చింతూరు, ఆ తర్వాత భద్రాచలం. మా తగువులో నాన్నది ఆపాలనే పక్షం. "రాత్రంతా ఆ లైట్లు ఎవరి కోసం వెలుగుతున్నాయి తల్లీ?" అంటారు. అమ్మది ఉంచాలనే పక్షం. నాన్న చెప్పే కారణాలు నాలుగు: కరెంటు, రేడియేషన్, పిడుగు, నిద్ర. ఒక్కొక్కటే తూద్దాం.

మొదటిది కరెంటు. మా రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. అంటే ఎంత లాగినా 12 వాట్లు. రాత్రి 7 గంటలు ఆపితే మిగిలేది గరిష్ఠంగా 84 వాట్-అవర్లు, ఏడాదికి 31 యూనిట్ల లోపు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 190 రూపాయలు దాటదు. అదే రాత్రి మా గదిలో తిరిగే పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. దాని బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే ఆ 7 గంటల్లోనే 315 వాట్-అవర్లు మిగులుతాయి. దాదాపు నాలుగు రెట్లు. దేశం లెక్క తీసినా అంతే. వైరు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 4 కోట్లకు పైగా ఉన్నాయి. 4 కోట్ల ఇళ్లూ రాత్రి ఆపితే ఏడాదికి సుమారు 120 కోట్ల యూనిట్లు మిగులుతాయి. వినడానికి పెద్ద అంకెే, కానీ దేశం మొత్తం వాడకంలో ఇది 0.1 శాతం కూడా కాదు. కాబట్టి వాదన నిజమే, బరువు తక్కువ.

రెండోది రేడియేషన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2011లో రేడియో తరంగాలను 2బీ వర్గంలో చేర్చింది. క్యాన్సర్‌కి కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం పరిమితం అని దాని అర్థం. "కారకం" అని తేల్చినట్టు కాదు. పైగా రౌటర్ వదిలే శక్తి వాటులో పదో వంతు స్థాయిలో ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది. హాల్లో గోడకున్న రౌటర్ గురించి భయపడి, ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకుంటే ఆ జాగ్రత్తకు అర్థం లేదు.

మూడోది పిడుగు. ఇది బరువైన వాదన. బస్తర్‌లో ఎండాకాలం చివరి గాలివానల నుంచి వర్షాకాలం అయ్యేదాకా ఉరుములు మామూలే. ఫైబర్ గాజు తీగ కాబట్టి దాని గుండా కరెంటు పారదు. అడాప్టర్ మాత్రం ఇంటి కరెంటు లైన్లోనే ఉంటుంది కదా. పిడుగు వల్ల లైన్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు స్విచ్ ఆపి ఉన్నంత మాత్రాన పూర్తి రక్షణ దొరకదు, ప్లగ్గే తీసెయ్యాలి. అది కూడా ఉరుములు దగ్గరపడక ముందే. అయితే ఇది గాలివాన రాత్రులకు వర్తించే కారణం. ఏడాదిలో 365 రాత్రులకూ దీన్ని వర్తింపజేయలేం.

నాలుగోది నిద్ర. నన్ను రాత్రి ఒంటిగంటదాకా మేలుకోనిచ్చేది రౌటర్ కాదు, చేతిలోని ఫోను. రౌటర్ ఆపితే మొబైల్ డేటా ఉండనే ఉంది. ప్రిపరేషన్లో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలిసిందే. ఫోను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టడమే దీనికి మందు.

ఇప్పుడు అమ్మ పక్షం. ఆమె చెప్పేది ఒక్కటే మాట: "అత్తయ్యకి రాత్రి ఏమైనా అయితే ఫోను ఎలా వస్తుంది?" మా ఇంటి వెనక గదుల్లో మొబైల్ సిగ్నల్ అందదు. అక్కడ ఫోను మోగుతుందంటే అది వైఫై కాలింగ్ వల్లే. మన దేశంలో ఈ సదుపాయం 2019 చివర్లో మొదలైంది. కిందటి వర్షాకాలంలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకు బాబాయి ఫోను చేశాడు. నానమ్మకి ఆయాసం. భద్రాచలం తీసుకెళ్లాలి. శబరి పొంగితే చింతూరు దగ్గర రోడ్డు మునుగుతుంది, దారి ఉందో లేదో కనుక్కోవాలి, బండి మాట్లాడాలి, డబ్బు పంపాలి. నాన్న అరగంటలో చింతూరులో తెలిసినవాళ్లను లేపి దారి కనుక్కున్నారు, బాబాయికి డబ్బు పంపారు. తెల్లారేసరికి నానమ్మ ఆసుపత్రిలో ఉంది, మూడోరోజు ఇంటికొచ్చింది. ఆ రాత్రి రౌటర్ ఆన్‌లో ఉండటానికి కారణం ఏ నియమమూ కాదు. నేను టెస్ట్ సిరీస్ వీడియో చూస్తున్నాను, అంతే.

అసలు విషయం ఇక్కడ ఉంది. స్విచ్ మా హాల్లో ఉంది, దాని అవసరం కుంటలో ఉంది. ఆపాలా వద్దా అని వాదించుకునే ముగ్గురిలో నానమ్మ లేదు. ఆపితే వచ్చే లాభం 190 రూపాయలు మాకు, నష్టం వస్తే ఆవిడకు. ఎథిక్స్ పేపర్లో స్టేక్‌హోల్డర్ల పేర్లు రాసేటప్పుడు గదిలో లేని మనిషిని ముందు రాయడం అలవాటు చేసుకోండి. చాలా కేస్ స్టడీల్లో జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆపే అధికారం ఎవరిదన్న ప్రశ్న కోర్టుకూ వెళ్లింది. సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్లు అప్పగించాలన్న హాస్టల్ నియమం మీద వచ్చిన ఫహీమా షిరిన్ కేసులో, 2019లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగంగా చూసింది. 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ నిలిపివేతలకు అనుపాత సూత్రం వర్తిస్తుందని చెప్పింది. ఆ సూత్రం అడిగే ముఖ్యమైన ప్రశ్న: ఇంతకంటే తక్కువ నష్టంతో అదే ఫలితం సాధించలేమా? మా ఇంటికీ అదే ప్రశ్న వేసుకున్నాను. కరెంటుకి ఫ్యాను మార్చవచ్చు. నిద్రకి ఫోను గది మార్చవచ్చు. రౌటర్ జోలికి పోనక్కర్లేదు.

బస్తర్‌లో ఉంటూ ఇంకొక మాట చెప్పకపోతే వ్యాసం అసంపూర్తే. ఆపాలా వద్దా అని తర్కించడానికి ముందు ఆపడానికి ఏదో ఒకటి ఉండాలి. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2022 ఏప్రిల్‌లోనే. సిగ్నల్ లేని ఊళ్లలో సీజీనెట్ స్వర వాళ్ల 'బుల్టూ రేడియో' నడిచింది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న పంచాయతీ దగ్గర గోండీ కార్యక్రమాలు దించుకుని, బ్లూటూత్‌తో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి పంచుకోవడం దాని పద్ధతి. 'డిజిటల్ విభజన' అని జవాబుల్లో రాసేటప్పుడు ఇలాంటి ఒక ఉదాహరణ ఇస్తే ఆ మాటకు బలం వస్తుంది.

మా ఇంట్లో చివరికి కుదిరిన ఒప్పందం ఇది. మామూలు రాత్రుల్లో రౌటర్ ఆన్‌లోనే ఉంటుంది. ఉరుములు వినబడితే ప్లగ్ తీసేస్తాం. రోడ్లు మునిగేదీ, ఫోను అవసరం పడేదీ అలాంటి రాత్రుల్లోనే కాబట్టి, అప్పుడు నాన్న ఫోను సిగ్నల్ దొరికే ముందు వరండాలో పెట్టి, నాన్న ఆ పక్క గదిలోనే పడుకుంటారు. బాబాయికీ ఈ సంగతి చెప్పాం. పాత ఫ్యాను బదులు బీఎల్‌డీసీ వచ్చింది.

మీ ప్రాక్టీసుకి ప్రశ్న: "పొదుపు చేసేది ఒకరు, దాని నష్టం భరించేది మరొకరు అయినప్పుడు ఆ పొదుపు ధర్మమేనా?" 250 పదాల్లో రాయండి. ఉదాహరణ మీ ఇంటి నుంచే తీసుకోండి, అంకెలు మాత్రం లెక్కకట్టి వెయ్యండి.