మాత్ర ఆపమంటే... ఒక్క మాట అడగండి

మా మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే చాలు, పోతుంది. మా అత్తమ్మ చీటీలోని ఫిట్స్ మాత్రను కూడా ఓ కొత్త డాక్టరు అంత తేలిగ్గానే కొట్టేశారు. "ఇక అక్కర్లేదమ్మా" అన్నారంతే. ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు. పెద్ద చదువు చదివినాయన, మనమేం అడుగుతాంలే అనుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున అత్తమ్మ వంటింటి గడప దగ్గర కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయింది. ఒంగోలులోని పాత డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాం. "ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. ఆపాల్సి వచ్చినా మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి" అన్నారాయన. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా ఇంతేనట.

మందు మార్చడం డాక్టరు పనే, కాదనను. కానీ కారణం తెలుసుకునే హక్కు మనది. భారత వైద్య మండలి 2002 నియమాల ప్రకారం, తగినంత ముందుగా చెప్పకుండా డాక్టరు రోగిని మధ్యలో వదిలేయకూడదు. వైద్యం రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. మరో డాక్టరు సలహా తీసుకోవడం కూడా రోగి హక్కేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన పత్రంలో ఉంది.

అందుకని మీరు నాలాగా నోరు మూసుకోకండి. మూడే మూడు అడగండి. ఎందుకు ఆపుతున్నారు? ఒక్కసారిగానా, మెల్లగానా? ఆపాక ఏం తేడా కనిపిస్తే మళ్లీ రావాలి? జవాబులు చీటీ మీదే రాయించుకోండి. పాత చీటీలు పారేయకండి. మావి ఇప్పుడు బియ్యం డబ్బా పక్కనే ఓ సంచిలో భద్రంగా ఉన్నాయి.

అత్తమ్మ కులాసా. మాత్ర మాత్రం వేళకు నేనే ఇస్తున్నాను.