పార్ట్‌టైమ్‌గా కార్ డీటెయిలింగ్ చేసేవాళ్లకు

వారమంతా ఉద్యోగం చేసి శని, ఆదివారాల్లో కార్ డీటెయిలింగ్ చేసే తమ్ముళ్లకు ఒక మాట. చెయ్యి ఎంత వేగంగా ఆడిందన్నది కాదు, ఏది ముందు, ఏది తర్వాత అన్నదే టైమ్ మిగిలిస్తుంది.

ముందు చక్రాలు. బాడీ కడిగాక వాటి జోలికెళితే బ్రేక్ దుమ్ము తుంపర్లుగా లేచి డోర్ల మీద పడుతుంది, చేసిన పనే మళ్లీ చేయాలి. తర్వాత ఫోమ్ కొట్టి, అది నానుతుండగానే చిన్న బ్రష్‌తో పెట్రోల్ మూత చుట్టూ, లోగో సందుల్లో రుద్దేయండి. ఫోమ్‌ని మాత్రం ఆరనివ్వొద్దు. లోపలైతే డాష్‌బోర్డు దులిపాకే వాక్యూమ్.

హైదరాబాద్‌లో మనకు అసలు తలనొప్పి బోరు నీళ్లు. చాలాచోట్ల ఉప్పు నీళ్లే. ఎండలో ఆరాయంటే తెల్లటి మరకలు పడతాయి, నల్ల కారు మీదైతే మరీ కనిపిస్తాయి. వాటిని పోగొట్టడం కారు కడగడం కన్నా పెద్ద పని. అందుకే ఎండ ఎక్కకముందే నీడలో కడగండి, వెంటనే మందపాటి మైక్రోఫైబర్ టవల్‌తో అద్ది తీసేయండి. ఆ టవళ్లు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పీల్చే గుణం తగ్గిపోతుంది. కింద పడ్డ గుడ్డ ఎంత మంచిదైనా ఉతక్కుండా పెయింట్‌కి తగలనివ్వకండి, ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడటానికి.

ఇంకోటి, ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు కార్లు ఒకే ఉదయం కుదిరేలా అడిగి చూడండి. సామాను దించడం, సర్దడం ఒక్కసారితో అయిపోతుంది.